జబ్బు పేరు చెప్పండి డాక్టరు గారూ: థైరాయిడ్ రోగులను చూసే వైద్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్యులకు,

నమస్కారం. నేను తెనాలిలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. పదకొండేళ్లుగా మీ రోగిని. ఈ పదకొండేళ్లలో నన్ను ఆరుగురు డాక్టర్లు చూశారు. వారిలో ఎవరి పేరూ, ఏ ఆసుపత్రి పేరూ ఇక్కడ రాయను. ఇద్దరు నాకు నిజంగా మేలు చేశారు, మిగిలిన నలుగురూ చెడ్డవాళ్లేమీ కారు. ఆరుగురిలో నలుగురు ఒకే పని చేయకుండా వదిలేశారు కాబట్టి, అది మనుషుల లోపం కన్నా అలవాటు లోపమేమో అనిపించి అందరినీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను.

మన తెలుగులో ఒక వింత మాట స్థిరపడిపోయింది. ‘నాకు థైరాయిడ్ ఉంది.’ పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్నావిడ అంటుంది, స్టాఫ్ రూములో తోటి టీచరు అంటుంది, బస్సులో కొత్తగా పరిచయమైన ఆవిడ రెండో స్టాపు రాకముందే అంటుంది. థైరాయిడ్ మెడలో ఉండే ఒక గ్రంథి, అందరికీ ఉంటుంది కదా. ‘నాకు కాలేయం ఉంది’ అని ఎవరూ చెప్పుకోరు. ఈ మాటను మేము పుట్టించలేదు, మీ గదుల్లోంచే మోసుకొచ్చాం. రిపోర్టు మీది నుంచి తల ఎత్తకుండానే ‘థైరాయిడ్ ఉందమ్మా, ఈ మాత్ర జీవితాంతం వేసుకోవాలి’ అంటారు. ఆ తర్వాత బయట టోకెన్ నంబరు పిలుస్తారు. థైరాయిడ్‌కు ఏమైంది, ఎందుకైంది, రేపు ఏమవుతుంది అన్న మాట మటుకు మిగిలిపోతుంది.

నా సంగతి చెబుతాను. 2014 నవంబరులో మా రెండో పాప పుట్టింది. ఫిబ్రవరి వచ్చేసరికి నాకు గుండె దడ మొదలైంది. శివరాత్రి చలి ఇంకా పోకముందే చెమటలు. గ్లాసు పట్టుకుంటే కాఫీ తొణికేది. చంటిపిల్ల నిద్రపోయినా నాకు నిద్ర పట్టేది కాదు. తిండి బాగానే తింటున్నా ఎనిమిది కిలోలు తగ్గాను. పాలిచ్చే తల్లి చిక్కిపోతుందిలే అన్నారు మా అత్తయ్య. ఇరుగుపొరుగు వాళ్లయితే అదృష్టవంతురాలివన్నారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 0.02 వచ్చింది. (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను ఇది; ఒంట్లో థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఇది తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది.) ‘థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోంది’ అని, హార్మోను తయారీని తగ్గించే కార్బిమజోల్ మాత్రలు రాశారు. జూన్‌లో బడి తెరిచే సమయానికి పరిస్థితి తలకిందులైంది. మొహం ఉబ్బింది, జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చింది, గొంతు బొంగురుపోయి వెనక బెంచీ పిల్లలు ‘మేడం, వినపడటం లేదు’ అనడం మొదలుపెట్టారు. రోహిణీ కార్తె ఎండల్లో నేను దుప్పటి కప్పుకొని పడుకునేదాన్ని. టీఎస్‌హెచ్ 48. పాత మాత్ర ఆపి, గ్రంథి చేసే హార్మోనునే మాత్రగా ఇచ్చే థైరాక్సిన్ మొదలుపెట్టారు. ‘మొదట ఎక్కువ అన్నారు, ఇప్పుడు తక్కువ అంటున్నారు, ఏది నిజం?’ అని అడిగాను. ‘థైరాయిడ్ అంటే అంతేనమ్మా, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది’ అన్నారు. స్టాక్ మార్కెట్ గురించి చెప్పినట్టు.

ఆ ఎక్కడం దిగడం వెనక ఉన్న సంగతి నాకు ఏడేళ్ల తర్వాత తెలిసింది. తెలిశాక ఆశ్చర్యపోయాను, ఎందుకంటే అది మా ఊళ్లో చదువు రాని రైతుకు కూడా అర్థమయ్యేంత తేలిక. థైరాయిడ్ గ్రంథి ఒక గాదె లాంటిది. తయారుచేసిన హార్మోనును రెండు మూడు నెలలకు సరిపడా తనలోనే దాచుకుంటుంది. మన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి ఆ గ్రంథి మీదే పడితే వాపు వస్తుంది, గాదె గోడ పగులుతుంది, దాచిన ధాన్యం ఒక్కసారిగా బయటికి కారిపోతుంది. రక్తంలో హార్మోను ఎక్కువైపోతుంది, గుండె దడదడలాడుతుంది. అది పంట ఎక్కువ పండడం వల్ల వచ్చిన సమృద్ధి కాదు, ఉన్న నిల్వ నేలపాలు కావడం. కొన్ని వారాలకు గాదె ఖాళీ అవుతుంది. గోడ ఇంకా బాగుపడలేదు, కొత్త పంట లేదు. అప్పుడు హార్మోను తక్కువైపోతుంది. ప్రసవం తర్వాత ఏడాదిలోపు ఇలా జరగడాన్ని ప్రసవానంతర థైరాయిడైటిస్ అంటారు. సుమారు ఇరవై మంది బాలింతల్లో ఒకరికి వస్తుందని మీ పుస్తకాలే చెబుతున్నాయి. చాలామందికి గోడ తిరిగి కట్టుకుంటుంది. నాలాంటి కొందరికి కట్టుకోదు.

ఇప్పుడు కార్బిమజోల్ సంగతి ఆలోచించండి. అది విత్తనాలు వేయడాన్ని ఆపే మందు. నా ఇంట్లో జరుగుతున్నది గాదె కారిపోవడం. కారేదాన్ని అది ఆపలేదు, పైగా తర్వాత రావలసిన కాస్త పంటనూ ఆపింది. ఆ దశలో దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ లాంటి మాత్ర కొన్నాళ్లు వాడి, నెల నెలా పరీక్ష చేస్తూ వేచి ఉంటే సరిపోయేదట. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ప్రసవం తర్వాత గ్రేవ్స్ వ్యాధి (గ్రంథి నిజంగానే హార్మోనును ఎక్కువగా పండించే జబ్బు) కూడా బయటపడవచ్చు, దానికి కార్బిమజోల్ అవసరమే. మొదటి చూపులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. వేరు చేయడానికి టీఎస్‌హెచ్ గ్రాహకాల మీద పనిచేసే యాంటీబాడీల (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే పదార్థాల) పరీక్ష ఉంది, స్కాన్ ఉంది. మా డాక్టరుకు అనుమానం వచ్చి కూడా ఖర్చు చూసి వదిలేశారేమో నాకు తెలియదు. ‘ఇది రెండింటిలో ఏదో ఒకటి కావచ్చు, ఒక నెల చూద్దాం’ అని ఒక్క మాట అని ఉంటే, ఆ నెల నేను భయం లేకుండా గడిపేదాన్ని.

2021లో ఐదో డాక్టరు, మొదటిసారి, నా మెడ మీద చెయ్యి వేసి చూశారు. ఆరున్నరేళ్లలో మొదటిసారి! గ్రంథి గట్టిగా, రబ్బరులా తగులుతోందన్నారు. సొంత థైరాయిడ్ మీద దాడికి గుర్తైన టీపీఓ యాంటీబాడీల పరీక్ష రాశారు. ఫలితం అంకెలో కూడా రాలేదు, ‘600 కన్నా ఎక్కువ’ అని వచ్చింది. ఆ యంత్రం అంతవరకే కొలుస్తుందట. చీటీ మీద ఆమె ఒక పేరు రాశారు: హషిమోటో థైరాయిడైటిస్. అంటే రోగనిరోధక వ్యవస్థ దాడి వల్ల గ్రంథిలో ఏళ్ల తరబడి సాగే వాపు. చదవగానే నాకు ఏదో మోటారు సైకిల్ కంపెనీ పేరులా అనిపించింది. ఇంటికొచ్చి వెతికి చదువుకున్నాను.

హకారు హషిమోటో జపానులో ఫుకువోకా నగరంలో కుర్ర శస్త్రవైద్యుడు. నలుగురు రోగుల నుంచి తీసిన థైరాయిడ్ గ్రంథులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, వాటి నిండా తెల్ల రక్తకణాలు గుంపులు కట్టి కనిపించాయి. 1912లో జర్మన్ భాషలో ఒక వ్యాసం రాశాడు. ఆ నలుగురూ ఆడవాళ్లే. తర్వాత సొంత ఊరికి వెళ్లిపోయి పల్లె డాక్టరుగా బతికాడు, 1934లో టైఫాయిడ్‌తో చనిపోయాడు. తన పేరు ప్రపంచమంతటా ఒక జబ్బుకు నిలిచిపోతుందని అతనికి తెలియదు. ఆ కణాలు అక్కడ ఏం చేస్తున్నాయో 1956 దాకా ఎవరికీ తెలియలేదు; ఆ ఏడాది లండన్‌లో పరిశోధకులు ఇలాంటి రోగుల రక్తంలో సొంత థైరాయిడ్‌కు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలను గుర్తించారు. ఇదంతా చదివిన రాత్రి నేను ఏడ్చాను. జబ్బు నయం కాదని కాదు. వందేళ్ల కిందట ఎవరో నా మెడలో ఉన్నదాన్ని చూసి, దానికి రూపం గీసి, పేరు పెట్టి వెళ్లారు, నాకు చెప్పడానికి మాత్రం ఏడేళ్లు పట్టింది.

‘పేరు తెలిస్తే ఏం మారుతుందమ్మా, వాడేది అదే మాత్ర కదా’ అని నాలుగో డాక్టరు ఒకసారి అన్నారు. ఈ వాదన మీలో చాలామంది చేస్తారని తెలుసు. మందు మోతాదు నిర్ణయించేది టీఎస్‌హెచ్, యాంటీబాడీల అంకె కాదు. ఒప్పుకుంటాను. అందుకే ఆ పరీక్ష ఒక్కసారి చేస్తే చాలు, ఏటా ప్యాకేజీలో కలిపి చేయించనక్కర లేదు. కానీ పేరు తెలియని ఏడేళ్లలో నాకు ఏం జరిగిందో వినండి.

ప్రతిసారీ అంకె మారినప్పుడల్లా ముద్దాయిని నేనే. ‘మాత్ర సరిగ్గా వేసుకోవడం లేదా?’ ‘బరువు పెరిగితే థైరాయిడ్ పెరగదా మరి?’ ‘టెన్షన్ తగ్గించుకోండి.’ ఇంట్లో ఇంకో కోర్టు. క్యాబేజీ తిన్నావు, కాలీఫ్లవరు తిన్నావు, అందుకే. ఆరేళ్లు మా ఇంట్లోకి క్యాబేజీ రాలేదు. ఉడికించి మామూలుగా తింటే దానితో ఏమీ కాదని తెలిశాక మొదటిసారి క్యాబేజీ, శనగపప్పు కూర వండుకున్నప్పుడు జైలు నుంచి విడుదలైనట్టు ఉంది. మా వదినగారు అయొడిన్ లేని రాతి ఉప్పుకు మారిపోయారు, ‘థైరాయిడ్‌కు మంచిదట’ అని. 1962లో అయొడిన్ లోపంతో వచ్చే గాయిటర్ (థైరాయిడ్ ఉబ్బడం) నివారణ కార్యక్రమం మొదలుపెట్టి, ఇంటింటికీ అయొడిన్ ఉప్పు చేర్చడానికి ఈ దేశం అన్ని దశాబ్దాలు కష్టపడింది. ఒక్క వాట్సాప్ సందేశంతో ఆవిడ దాన్ని వంటింట్లోంచి బయటికి పంపేశారు. ఇంకొకరు సముద్రపు నాచు గుళికలు తెప్పించుకున్నారు, అందులో అయొడిన్ ఎక్కువని. ఆటో ఇమ్యూన్ వాపు (రోగనిరోధక వ్యవస్థ సొంత గ్రంథి మీదే పడి తెచ్చే వాపు) ఉన్నవాళ్లకు మితిమీరిన అయొడిన్ చెరుపు చేయవచ్చు. వాళ్లకున్నది అయొడిన్ లోపమో, ఆటో ఇమ్యూన్ వాపో ఎవరైనా చెప్పి ఉంటే ఈ రెండు తిరునాళ్లూ జరిగేవి కావు. మీరు పేరు చెప్పకుండా వదిలిన ఖాళీని ఊరు నింపుతుంది.

ఇక నా అంకెలు నిజంగా ఎందుకు ఊగాయో చెబుతాను. లెక్కల టీచరును కాబట్టి 2015 నుంచి ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకంలో తేదీ, మోతాదు, టీఎస్‌హెచ్, ఏ ల్యాబు, ఎన్ని గంటలకు రక్తం ఇచ్చాను, అన్నీ రాసుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే నేరస్తులు ఒక్కొక్కరూ దొరికారు.

మొదటివాడు ఇంట్లోవాడే. కాఫీ. పొద్దున ఐదున్నరకు మాత్ర నోట్లో వేసుకుని వెంటనే ఫిల్టర్ కాఫీ తాగేదాన్ని. పరగడుపున వేసుకోమన్నారు, వేసుకున్నాను. కాఫీ కూడా పరగడుపును చెడగొడుతుందని మా ఇళ్లల్లో ఎవరికి తోస్తుంది? అది టిఫిన్ కాదు కదా. కాఫీ ఈ మాత్ర ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. అర గంట, వీలైతే గంట ఆగాలి.

రెండోవాడు మీ చీటీలోనే ఉన్నాడు. ప్రసవం తర్వాత నాకు కాల్షియం, ఐరన్ రాశారు. అదే చీటీలో, అదే చేతిరాతతో. ‘థైరాయిడ్ మాత్ర పరగడుపున, కాల్షియం, ఐరన్ టిఫిన్ తర్వాత.’ నేను టిఫిన్ ఏడింటికి తింటాను, బడికి వెళ్లాలి. గంటన్నర తేడా. కాల్షియం, ఐరన్ రెండూ థైరాక్సిన్‌ను పట్టేసుకుని పేగులోంచి పోనివ్వవు, నాలుగు గంటల ఎడం ఉండాలి. రాత్రి భోజనం తర్వాతకు మార్చమని ఒక్క ముక్క రాస్తే పోయేది. బదులుగా టీఎస్‌హెచ్ 11 వచ్చిందని మోతాదు పెంచారు. ఆరు నెలలకు కాల్షియం, ఐరన్ ఆపేశాక అదే మోతాదు ఎక్కువైపోయి మళ్లీ దడ. అప్పుడు తగ్గించారు. ఈ రెండు మలుపుల్లోనూ నా గ్రంథి చేసిన తప్పు లేదు.

మూడోవాడి కథ వింటే మీరు నవ్వుతారు. జుట్టు రాలుతోందని 2019లో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. బయోటిన్ అనే విటమిన్ పది మిల్లీగ్రాములు రాశారు. రెండు నెలలకు థైరాయిడ్ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 0.1, టీ4 (రక్తంలోని థైరాక్సిన్) ఎక్కువ. నాకు మాత్రం దడ లేదు, చెమట లేదు. నిజానికి మలబద్ధకంతో, మగతతో సతమతమవుతున్నాను. ఒళ్లు ఒకటి చెబుతోంది, కాగితం ఇంకొకటి. కాగితమే గెలిచింది, మోతాదు తగ్గించారు. కొన్ని రకాల యంత్రాల్లో పరీక్ష పద్ధతే బయోటిన్ మీద ఆధారపడి ఉంటుందట. రక్తంలో అది ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా, టీ4 లేనిపోని ఎక్కువగా చూపిస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే ఈ సంగతి మీద హెచ్చరిక విడుదల చేసింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపితే చాలు. రక్తం తీసే అబ్బాయి ‘షుగరు ఉందా, ఏమైనా తిన్నారా’ అని అడుగుతాడు. బయోటిన్ గురించి ఈ రోజు వరకు నన్ను ఏ ల్యాబులోనూ అడగలేదు.

నాలుగోది వేళ. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగానూ, మధ్యాహ్నం తక్కువగానూ ఉంటుంది. సెలవు దొరికినప్పుడు పొద్దున ఏడింటికి, దొరకనప్పుడు బడి అయ్యాక నాలుగింటికి రక్తం ఇచ్చేదాన్ని. ల్యాబులు కూడా మారుస్తూ. ఆ రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టి ‘పెరిగింది’, ‘తగ్గింది’ అని తీర్పు చెప్పడం, వేరు వేరు తరాజుల్లో తూచిన బియ్యాన్ని పోల్చడమే.

ఐదోది తొందర. దీన్ని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది నా సబ్జెక్టు. థైరాక్సిన్ అర్ధాయువు దాదాపు ఏడు రోజులు. అంటే మోతాదు మార్చాక ఒంట్లో హార్మోను కొత్త మట్టానికి చేరడానికి మిగిలిన దూరం వారానికి సగం చొప్పున తగ్గుతుంది. సగం, పావు, ఎనిమిదో వంతు, పదహారో వంతు. లెక్కల్లో దీన్ని గుణశ్రేఢి అంటాం. ఆరు వారాలకు అరవై నాలుగో వంతు మిగులుతుంది, అప్పటికి లెక్క తేలినట్టే. మెదడు కింద ఉండే పీయూష గ్రంథి దాన్ని గమనించి టీఎస్‌హెచ్‌ను సర్దుకోవడానికి ఇంకాస్త ఆలస్యం. కాబట్టే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పరీక్ష అన్నారు. నాకు మూడో వారంలో చేశారు, ఇంకా తగ్గలేదని పెంచారు; మళ్లీ మూడో వారంలో చేశారు, మళ్లీ పెంచారు. పెనం వేడెక్కలేదని మంట పెంచుతూ పోతే మొదటి దోసె పిండిగానే ఉంటుంది, మూడోది మాడిపోతుంది. 2017 వేసవిలో నేను మాడిన దోసెను.

ఇంకో లెక్క. టీఎస్‌హెచ్ 2 నుంచి 8 అయినప్పుడు, నా హార్మోను నాలుగో వంతుకు పడిపోయిందని నేను వణికిపోయాను. విలోమానుపాతం అనుకున్నాను, లెక్కల టీచరును కదా! నిజానికి అది లాగరిథమ్ సంబంధం. టీ4 సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ వంద రెట్లు దాకా పెరగవచ్చు. అంటే 2 నుంచి 8 కావడానికి హార్మోను ఐదో వంతు కూడా తగ్గి ఉండకపోవచ్చు. టీఎస్‌హెచ్ అరుపు పెద్దది, దెబ్బ చిన్నది. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది ఆడవాళ్లు రిపోర్టు చేతిలో పట్టుకుని రాత్రంతా మేలుకొని ఉంటారో.

మీ వైపు నుంచి కూడా ఆలోచించాను. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఎనభై మందిని చూడాలి. ఒక్కొక్కరికి గాదె కథ చెబుతూ కూర్చుంటే ఎనభయ్యో మనిషి సాయంత్రం దాకా ఎండలో నిలబడాలి. ఇది నిజం. పైగా ఈ రోగుల సంఖ్య తక్కువేమీ కాదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో 5,360 మంది పెద్దవాళ్లను పరీక్షిస్తే, దాదాపు పదకొండు శాతం మందిలో హార్మోను లోపం, దాదాపు ఇరవై రెండు శాతం మందిలో టీపీఓ యాంటీబాడీలు కనిపించాయి. ఇంతమందికి విడివిడిగా చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే నేను మీ సమయం అడగడం లేదు. ఒక కాగితం అడుగుతున్నాను. దాని సంగతి చివర్లో.

ఎక్కువ వైద్యం గురించి కూడా ఒక ముక్క. మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లప్పుడు ఏదో ప్యాకేజీ పరీక్షలో టీఎస్‌హెచ్ 6.1 వచ్చింది. టీ4 మామూలే. ఆయనకు ఏ బాధా లేదు, పొద్దున్నే కాలువ గట్టు మీద మూడు కిలోమీటర్లు నడిచే మనిషి. ఒక్క రిపోర్టు చూసి, రెండోసారి పరీక్ష చేయకుండా, ‘జీవితాంతం’ అని మాత్ర మొదలుపెట్టారు. మోతాదు ఆయనకు ఎక్కువై రెండు నెలల్లో గుండె లయ తప్పి కంగారు పెట్టింది. గుండె డాక్టరు ఆ మాత్ర ఆపించారు. తర్వాత చేయించిన పరీక్షలో టీఎస్‌హెచ్ 5.2. వయసుతో పాటు టీఎస్‌హెచ్ కాస్త పెరగడం సహజం. 65 దాటినవాళ్లలో ఇలాంటి స్వల్ప తేడాకు మందు ఇవ్వడం వల్ల నలత, అలసట తగ్గలేదని 2017లో యూరప్‌లో 737 మంది మీద జరిగిన పరిశోధన తేల్చింది. నాకు ఉన్న జబ్బుకు ఏడేళ్లు పేరు చెప్పలేదు, ఆయనకు లేని జబ్బుకు పేరు పెట్టారు. రెండు చోట్లా చూసింది అంకెనే.

మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. దానికీ ఇదే జబ్బు; కుటుంబాల్లో నడుస్తుంది కదా. అక్కడ మొదటి రోజే పేరు చెప్పి, నాలుగు పేజీల కాగితం చేతిలో పెట్టారు. (బిల్లు కూడా పెట్టారు. దాని గురించి మాట్లాడకపోవడమే మంచిది. మన దగ్గర ఈ మాత్ర అత్యవసర మందుల జాబితాలో ఉండబట్టి, ధర అదుపులో ఉండబట్టి నేను రోజుకు టీ ఖర్చు కన్నా తక్కువతో బతుకుతున్నాను. ఆ విషయంలో మనమే నయం.) ఆ కాగితంలో ఒక వాక్యం ఉందట: గర్భం వచ్చిందని తెలిసిన రోజే వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకుని, మాకు ఫోను చేయండి. బిడ్డ సొంత గ్రంథి పనిచేయడం మొదలయ్యే దాకా తల్లి హార్మోనే దానికి ఆధారం కాబట్టి. మా వీధిలోనే థైరాక్సిన్ వాడుతున్న ఒక అమ్మాయి, గర్భం రాగానే ‘కడుపులో బిడ్డకు పడదేమో’ అని మాత్ర పూర్తిగా మానేసింది. మూడో నెల దాకా ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయి తెలివితక్కువది కాదు, బ్యాంకులో పనిచేస్తుంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

‘రిపోర్టు నార్మల్’ అన్న మాట గురించి కూడా రాయాలి. టీఎస్‌హెచ్ 2.1 ఉన్నా నేను మూడో పీరియడుకే కుర్చీలో కూలబడే రోజులు ఉండేవి. ‘నార్మల్ కదమ్మా, అంతా మీ మనసులోనే’ అన్నారు ఒకరు. ఆరో డాక్టరు ఆ మాట అనలేదు. హషిమోటో ఉన్నవాళ్లకు ఇతర ఆటో ఇమ్యూన్ జబ్బులు తోడు రావచ్చని, కడుపులో బీ12 పట్టకపోవడం అందులో ఒకటని చెప్పి పరీక్ష చేయించారు. బీ12 బాగా తక్కువ. ఇంజెక్షన్లు మొదలయ్యాక రెండు నెలల్లో నేను ఏడో పీరియడు దాకా నిలబడగలిగాను. చూశారా, జబ్బు పేరు తెలిస్తే మారేది ఇది. మాత్ర మారదు. వెతికే చోటు మారుతుంది.

కాబట్టి నా కోరికలు చిన్నవి. థైరాయిడ్ తక్కువ అని మొదటిసారి తేలినప్పుడు కారణం ఏమిటో చెప్పండి, చీటీ మీద తెలుగులోనో ఇంగ్లీషులోనో ఆ పేరు రాయండి. ఒక్కసారైనా మెడ మీద చెయ్యి పెట్టి చూడండి. మోతాదు మార్చే ముందు కాఫీ, కాల్షియం, ఐరన్, బయోటిన్, రక్తం ఇచ్చిన వేళ అడగండి. అర నిమిషం పడుతుంది. తర్వాతి పరీక్ష తేదీ రాయండి, ‘తర్వాత చూద్దాం’ అనకండి. స్త్రీ వైద్య నిపుణులకు ప్రత్యేకంగా ఒక మనవి: బాలింత గుండె దడ అన్నా, ఏడుపు వస్తోంది, ఒళ్లు కదలడం లేదు అన్నా, ‘కొత్త తల్లులకు మామూలే’ అనే ముందు ఒక టీఎస్‌హెచ్ చేయించండి.

ఆ కాగితం మాటకు వస్తే, మీకు తీరిక ఉండదని నేనే తెలుగులో ఒక పేజీ రాశాను. గాదె కథ ఉంది, నాలుగు గంటల ఎడం ఉంది, మాత్రల సీసాను పొయ్యి పక్కన కాకుండా చల్లగా, పొడిగా, వెలుతురు తగలని చోట పెట్టాలని ఉంది, పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవాలని ఉంది, గర్భం వస్తే మానకూడదని పెద్ద అక్షరాల్లో ఉంది. మా బడి పక్క జిరాక్స్ షాపులో వంద కాపీలు తీయించి ఆరో డాక్టరు గారికి ఇచ్చాను. రెండు వారాల్లో అయిపోయాయట, ఇంకో వంద అడిగారు. మీలో ఎవరికి కావాలన్నా పంపుతాను, నా పేరు వేయనక్కర లేదు, డబ్బు అక్కర లేదు. అయితే నేను డాక్టరును కాను. అందులో తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపండి. ఇరవై రెండేళ్లుగా పిల్లల కాగితాల మీద నేను చేస్తున్న పని అదే కాబట్టి నొచ్చుకోను.

ఇట్లు,
మీ రోగి,
ఒక గణితం టీచరు,
తెనాలి.